మొదటి అడుగు లేని టేపు

షెడ్డు నుంచి
జూన్ 9

అమ్మడూ,

ముందు నా అక్షరాల్ని మన్నించు. పెన్ను మొరాయించింది. చెక్క మీద గీతలు గీసే పెన్సిలుతోనే రాస్తున్నాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ తప్పితే అక్కడ నువ్వే దిద్దుకో. నేను చదివింది ఐదు తరగతులు, అందులో రెండు వాన సెలవుల్లోనే పోయాయి.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నాకు మాట రాదు. నువ్వు "మామయ్యా, ఉన్నావా?" అంటూ ఉంటావు, నేను ఇక్కడ తల ఊపుతూ ఉంటాను.

సంగతి ఇది. మా ముందింటి గడియారాలాయన పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆయన కూతురు ఆ ఇంట్లోకి వచ్చింది. టైలరు పని చేస్తుంది. రెండు కుట్టుమిషన్లు, బట్ట కత్తిరించే పెద్ద బల్ల ఒకటి తెచ్చుకుంది. బల్ల పొడవు ఎనిమిది అడుగులు. నా షెడ్డుకి ఆనుకుని ఉన్న వాళ్ళ వెనక గది ఏడున్నర. అందుకని బల్ల గుమ్మంలో సగం లోపల, సగం బయట నిలబడి ఉంది, లోపలికి రమ్మన్నారో లేదో తెలియని చుట్టంలాగా.

నిన్న పొద్దున టైలరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది.

"పెద్దాయనా, ఇదిగో మా నాన్న దస్తావేజు. వీధి వైపు నలభై అడుగులు, లోపలికి అరవై. మీరు నడిచే సందు మా నలభైలోదే. అది కలుపుకుని గది పెద్దది చేసుకుంటాను. మీరు గోడౌను వాళ్ళని అడిగి వెనక నుంచి దారి పెట్టించుకోండి."

నేను "సరే" అన్నాను.

నా సరేకి అర్థం విన్నాను అని. ఆవిడ ఒప్పుకున్నాను అనుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఇటుకలు దిగాయి.

నువ్వు చూసిన చోటే కదా. వెనకా, ఒక పక్కా గోడౌను గోడ, ఇంకో పక్క బడి గోడ. ఆ నాలుగడుగుల సందు ఒక్కటే నాకు వీధి. అది మూస్తే ఇకనుంచి నేను చేసిన తలుపుల్ని గోడ మీంచి విసరాలి, వాటి వెనకే నేనూ దూకాలి.

ఇంకొకటి అడగాలని ఉంది, నవ్వకు. చెక్క కొయ్యాలంటే ముందు గీత గీస్తాం, గీత కనపడుతుంది. భూమి మీద ఏ గీతా కనపడదు. మరి ఇక్కడిదాకా నాది, ఇక్కడినుంచి నీది అని మీ సర్వేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? పాతకాలంలో ఎవరో తప్పు కొలిచి ఉంటే, అది కూడా తెలిసిపోతుందా?

సందు గేటు ఈ మధ్య కిర్రుమంటోంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అరవలేదు. నేను చేసిన గేటే. ముసలిదైంది, నాలాగే.

మామయ్య


సర్వే ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 17

మామయ్యా,

సరే అన్నావా! నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "మా అన్నయ్య అంతే. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చాప కూడా వాళ్ళకే పరిచి ఇచ్చి వస్తాడు" అంది. తిడుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ముందు ఒక పని చెయ్యి. టైలరమ్మ దగ్గరికి వెళ్ళి ఒకే ఒక్క మాట చెప్పు: "కొలత వేసేదాకా ఆగమ్మా." మూడు పదాలు. నీకు భారమే, తెలుసు. అద్దం ముందు రెండుసార్లు అనుకుని వెళ్ళు.

ఇక నీ ప్రశ్న. భూమికి గీతలుండవు, రాళ్ళుంటాయి. మూలల్లో హద్దురాయి పాతి, ఈ రాయికి ఆ రాయికి మధ్య ఎంతో కాగితం మీద రాసి పెడతారు. మనుషులు పోతారు, గోడలు కూలతాయి, చెట్లు కొట్టేస్తారు. రెండు రాళ్ళు, ఆ కాగితం దొరికితే చాలు, గీత మళ్ళీ బయటికొస్తుంది. తప్పు కొలిచి ఉంటే అదీ వస్తుంది. మా పనిలో సగం, పోయిన వాళ్ళ పొరపాట్లు వెతకడమే.

నీ గొడవలో రెండు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపేస్తే ఇద్దరూ ఓడిపోతారు. సందు నేల ఎవరిది? అది మొదటిది. ఆ నేల మీద నడిచే హక్కు ఎవరిది? అది రెండోది. నేల ఆవిడదైనా నడక నీది కావచ్చు. ఒకే స్థలాన్ని రెండు ముక్కలు చేసి అమ్మినప్పుడు, వెనక ముక్కకి వేరే దారి లేకపోతే కొన్నవాడు ఎగిరి వెళ్ళలేడు కదా. అందుకని ముందు ముక్కలోంచి దారి వదులుతారు. దీన్ని దారి హక్కు అంటాం. మీ రెండు స్థలాల పాత ప్లాను కోసం మీ ఊరి రికార్డు గదికి ఇవాళే రాశాను.

ఈలోగా నువ్వు వీధి వైపు హద్దురాళ్ళు ఉన్నాయో లేదో చూడు. రాయికీ రాయికీ మధ్య ఎంతో, వీధి రాయి నుంచి నీ షెడ్డు గోడ దాకా ఎంతో కొలిచి రాయి. బంధువుల స్థలానికి నేను సంతకం పెట్టకూడదు, అది మా రూలు. అసలు కొలత వేయాల్సి వస్తే మా ఆఫీసులో యంత్రంతో కొలిచే ఆయన్ని పంపిస్తాను, మేమంతా గొడుగాయన అంటాం.

మరొకటి. గడియారాలాయన నా చిన్నప్పుడు విరిగిన గడియారం ముళ్ళు ఇచ్చేవాడు, ఆడుకోమని. నువ్వూ ఆయనా ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. తర్వాత మాటల్లేవు. ఎందుకు?

నీ అమ్మడు


షెడ్డు నుంచి
జూన్ 28

అమ్మడూ,

మూడు పదాలూ చెప్పాను. మూడోది గొంతులోనే ఉండిపోయింది కానీ ఆవిడకి అర్థమైంది.

"కొలవండి, ఎవరొద్దన్నారు. కొలిచాక మాత్రం పేచీ పెట్టొద్దు" అంది.

ఒక రాయి వీధి మూలలో తేలిగ్గా దొరికింది. రెండోది వాననీళ్ళ డ్రమ్ము కింద ఉంది. డ్రమ్ము జరిపి, మట్టి గీకితే పైన కూడిక గుర్తు బయటపడింది. ఎవరో ఉలితో చెక్కారు. లోతుగా, నున్నగా, తొందర లేకుండా. ఎవరోగానీ మంచి పనివాడు. దాన్ని చూస్తూ కాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ చిన్న గుర్తు దగ్గర ఒకరి నేల ఆగిపోయి ఇంకొకరిది మొదలవుతుందంటే వింతగా ఉంది. చీమలు అటూ ఇటూ తిరుగుతున్నాయి, వాటికేం పట్టింది.

నా గుడ్డటేపు తెచ్చాను. నేను రాయి దగ్గర కొస పట్టుకున్నాను. టైలరమ్మ రెండో చివర అంకె చదివి చీటీ మీద రాసింది.

"టైలరుకి టేపు ఇచ్చి చూడండి పెద్దాయనా, నడుము కొలిచినట్టు కొలుస్తాను" అంది. "మరీ బిగించకు, ఊపిరాడదు" అన్నాను. ఆవిడ నవ్వింది. నేను అన్నానా అని నాకే ఆశ్చర్యం.

ఆవిడ చీటీ చూసి రాస్తున్నాను. వీధి వైపు రాయి నుంచి రాయికి నలభై ఒకటి. వీధి రాయి నుంచి నా షెడ్డు గోడ దాకా అరవై. వెంట్రుకవాసి తేడా లేదు.

పని ఎక్కువగా ఉంది. బడికి పన్నెండు బెంచీలు చెయ్యాలి.

మామయ్య


సర్వే ఆఫీసు
జూలై 12

మామయ్యా,

నీ అంకెలు నాకు రెండు రోజులు నిద్ర లేకుండా చేశాయి. దస్తావేజులో నలభై. నువ్వు నలభై ఒకటి అంటున్నావు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, రెండు రాళ్ళ మధ్య నేల పెరగడం ఎప్పుడూ చూడలేదు. మనుషులు పెరుగుతారు, ఆశలు పెరుగుతాయి, నేల పెరగదు.

నిన్న అన్నం తింటుంటే గుర్తొచ్చింది. నా ఎనిమిదో ఏట సెలవులకి నీ షెడ్డుకి వచ్చాను. టేపు రెండో చివర నాకిచ్చి అంకె చదవమనేవాడివి. నేను "ఏడు" అంటే "ఒకటి తీసెయ్, ఆరు" అనేవాడివి. లోకంలో ఎవరు ఏది కొలిచినా ఒకటి తీసెయ్యాలి కాబోలు అనుకున్నాను. బడి తెరిచాక పంతులమ్మ బల్ల కొలవమంటే అలాగే తీసేశాను. సున్నా వేసింది. "మా మామయ్య వడ్రంగి, ఆయనకి తెలుసు" అని వాదించాను. రెండోసారీ సున్నా.

నీ టేపుకి మొదటి అడుగు లేదు కదూ! ఎక్కడో తెగిపోయి, ఒకటో అంకె దగ్గరే మొదలవుతుంది. నువ్వు ఒక్కడివే కొలిస్తే చెయ్యి దానంతటదే ఒకటి తీసేస్తుంది. ఆ రోజు చదివింది టైలరమ్మ. ఆవిడకి ఈ సంగతి తెలీదు. వీధి వైపు నలభై ఒకటిలో ఒకటి తీసేస్తే నలభై. కాగితంతో సరిపోయింది.

మరి షెడ్డు గోడ దాకా ఉన్న అరవైలో ఒకటి తీసేస్తే ఎంత మామయ్యా? కాగితంలో అరవై ఉంది. నీ గోడ ఎక్కడుందో నువ్వే చెప్పు.

టేపు అదేనా?

అమ్మడు


షెడ్డు నుంచి
జూలై 20

అమ్మడూ,

టేపు బాగానే ఉంది. వేరే టేపు అది. టైలరమ్మ తప్పు చదివి ఉంటుంది.

గొడుగాయన్ని పంపొద్దు. చాలా దూరం. వాన కూడా వదలడం లేదు. సందు సంగతి నేను చూసుకుంటాను. గోడౌను వాళ్ళని అడుగుతాను.

మీ అమ్మని మోకాలికి కాపడం పెట్టుకోమను.

మామయ్య


ఇంటి నుంచి, వంటగది బల్ల మీద
ఆగస్టు 2

మామయ్యా,

నీ ఉత్తరంలో వాన సంగతి ఒక్కటి నిజం. అమ్మ మోకాలు కూడా నిజమే. మిగతావి చదువుతుంటే నీ ముఖం కనపడింది, చెవులు ఎర్రబడి.

ఇవాళ ఆఫీసు నుంచి రాయడం లేదు, నీ మేనకోడలిగా రాస్తున్నాను.

పాత ప్లాను వచ్చింది. మందపాటి గీతతో రెండు స్థలాలు. ముందుది గడియారాలాయనది, వెనకది నీది. ముందు స్థలం ఎడమ పక్కన వీధి నుంచి నీ స్థలం దాకా నాలుగడుగుల వెడల్పున చుక్కల గీత. పక్కన చిన్న అక్షరాలతో "వెనక స్థలానికి నడక దారి" అని ఉంది. చుక్కల గీత అంటే మా భాషలో నేల ఆవిడది, నడక నీది. ఆవిడ అక్కడ ఒక్క ఇటుక పెట్టడానికి వీల్లేదు.

అయితే ఆ ప్లానులోనే మందపాటి గీత కూడా ఉంది, వీధి నుంచి సరిగ్గా అరవై అడుగుల దగ్గర. చుక్కల గీత చూపించి మందపాటి గీత దాచలేం మామయ్యా. యంత్రం పెడితే రెండూ బయటపడతాయి. నీకు దారి కావాలంటే నీ గోడ కూడా కొలవాలి.

గోడౌను వాళ్ళు దారి ఇవ్వరు, నీకూ తెలుసు. ఇచ్చినా, అడగడానికి నువ్వు వెళ్ళవు.

నేను చెప్పమని అడగను. నువ్వు చెప్పేదాకా ప్లాను నా బీరువాలో ఉంటుంది. ఆవిడ ఇటుకలకి మాత్రం అంత ఓపిక ఉండదు.

నీ అమ్మడు


షెడ్డు నుంచి
ఆగస్టు 14

అమ్మడూ,

టేపు అదే.

పాత సామాన్ల కొట్లో కొన్నప్పుడే దానికి మొదటి అడుగు లేదు. ముప్పై ఐదేళ్ళ కిందట ఈ రెండు స్థలాలూ మేమిద్దరం కలిసి కొన్నాం. ఆయన ముందుది, నేను వెనకది. ముందు రాళ్ళు ఉన్నాయి, వెనక రాళ్ళు లేవు. మనకి మనం వేరేవాళ్ళమా, మనమే కొలుచుకుందాం అన్నాడు. నేను వీధి రాయి దగ్గర కొస పట్టుకున్నాను. ఆయన అరవై చదివి అక్కడ మేకు కొట్టాడు. ఒకటి తీసెయ్యాలని నేను చెప్పలేదు. నిజంగా మరిచిపోయాను, అమ్మడూ. ఆ రోజు మాత్రం నిజంగా మరిచిపోయాను. చెక్క గోడ కట్టాను. ఆయన తన వెనక గదిని ఆ గోడకి ఆనించుకున్నాడు.

నాలుగేళ్ళ తర్వాత ఆయన కొత్త ఇనుప టేపు కొన్నాడు. ఒక మధ్యాహ్నం షెడ్డులోకి వచ్చి, మెల్లగానే అన్నాడు: "మన గోడ ఒక అడుగు ఇటు వచ్చినట్టుందోయ్. ఒకసారి చూద్దామా?"

బడాయిగా తిరిగే వయసు. పక్కన ఇద్దరు పనివాళ్ళున్నారు. "నా చేతి కొలత తప్పంటావా? నీ ముళ్ళూ చక్రాలూ చూసుకో, చెక్క జోలికి రాకు" అన్నాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు అన్నది ఆ రోజే. అవీ అలాంటివి. ఆయన టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

వారం తర్వాత ఒక ద్వారబంధానికి కొలుస్తూ ఏడులో ఒకటి తీసేశాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళి చెప్పాలి. పది అడుగుల దూరం. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి అది ఇంకా బరువైంది. అలా ముప్పై ఒక్క ఏళ్ళు.

కాబట్టి భూమి మీద గీత ఎలా తెలుస్తుందని మొదటి ఉత్తరంలో అడిగింది సగం తెలుసుకోవాలనే. మిగతా సగం, నా తప్పు బయటపడుతుందేమో అని. టైలరమ్మ అరవై చదివినప్పుడు నాకు తెలుసు. నోరు తెరవలేదు. వీధి వైపు కొలతకైనా ఒకటి తీసి రాసి ఉంటే నువ్వు పట్టుకునేదానివి కాదు. అబద్ధం కూడా కొలత ప్రకారం చెప్పడం చేతకాలేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు టైలరమ్మ ఇంటి తలుపు కొట్టాను. ఆ తలుపు చేసింది నేనే, కొట్టడం మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి. ఆవిడ మెడలో టేపు, నోట్లో గుండుసూదులు.

"నా గోడ మీ నేల మీద ఉంది. ఒక అడుగు. మీ నాన్న చెప్పాడు, నేను ఒప్పుకోలేదు. నాకు తెలుసు" అన్నాను.

ఆవిడ సూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో పెట్టింది. ఎన్ని సూదులో!

"ఇది చెప్పడానికి ముప్పై ఏళ్ళు పట్టిందా?"

"ముప్పై ఒకటి."

"మా నాన్న పోయేదాకా ఆగారన్నమాట."

అవునన్నట్టు తల ఊపాను.

ఆవిడే మళ్ళీ అంది: "ఆ సందు గేటు బందులకి మా నాన్న నెలకోసారి గడియారం నూనె వేసేవాడు, తెలుసా? 'మాట్లాడని మనిషి గేటుకి నీ నూనె ఎందుకు నాన్నా' అనేదాన్ని. 'ఆయన ఎలాగూ మాట్లాడడు, ఆ గేటైనా ఎందుకు అరవాలి' అనేవాడు."

అమ్మడూ, ఆ గేటు అరవకపోవడం నా పనితనం అనుకున్నాను. ఇన్నేళ్ళూ. ఎవరైనా వస్తే రెండుసార్లు తెరిచి మూసి చూపించేవాణ్ణి.

నేను వెనక్కి తిరగబోతుంటే ఆవిడ అంది: "కొలిపించండి పెద్దాయనా. కొలిచేదాకా ఇటుక కదపను. కానీ ఒకటి చెప్తున్నా. నా అడుగు నేను వదలను. నా బల్ల రెండు నెలలుగా గుమ్మంలో ఉంది, దానిమీంచి దూకి వంటింట్లోకి వెళ్తున్నాను."

గొడుగాయన్ని పంపు. అడుగు పోతే పోయింది. సందు పోతే మాత్రం నేను ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. ఆ ప్లాను కూడా ఇచ్చి పంపు.

మామయ్య


సర్వే ఆఫీసు
ఆగస్టు 24

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మ మూడుసార్లు చదివించుకుంది. చివరికి "మా అన్నయ్య ఇంత పెద్ద ఉత్తరం రాశాడా!" అని మాత్రం అంది. అదే ఆవిడ తీర్పు.

గొడుగాయన సెప్టెంబరు పదకొండున వస్తాడు. ప్లాను ఆయన దగ్గరే ఉంటుంది. నీ గురించి ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. ఏది ఎంతుంటే అంతే రాస్తాడు, నా ముఖం చూసి అంగుళం కూడా వదలడు. నువ్వు ఆయన వెనక నిలబడి యంత్రంలోంచి చూడాలనుకుంటావు, నాకు తెలుసు. అడుగు, చూపిస్తాడు. యంత్రం కాళ్ళు మాత్రం ముట్టుకోకు.

ఆవిడ గోడ తియ్యమంటే ఏం చేస్తావో ముందే ఆలోచించి పెట్టుకో. "సరే" అని మాత్రం అనకు. ఈసారి నీకు తోచిన మాట నువ్వే అను.

అమ్మడు


షెడ్డు నుంచి
సెప్టెంబరు 19

అమ్మడూ,

మీ గొడుగాయన వచ్చాడు. గొడుగు ఎందుకో ఇప్పుడు తెలిసింది. మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి, దానికి గొడుగు పట్టి, తను ఎండలో నిలబడ్డాడు.

"ఎండకి యంత్రం లెక్క తప్పుతుందండీ. నేనైతే నల్లబడతా, అంతే" అన్నాడు.

నన్ను చూడనిచ్చాడు. వీధి రాయి మీద కూడిక గుర్తు నా ముక్కు ముందుకి వచ్చేసింది. దాని గాట్లో ఒక చీమ. ఇంత దూరం నుంచి చీమ కాళ్ళు కనపడుతుంటే, ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను దాచిన అడుగు ఎలా దాగుతుంది అనిపించింది. ఇంకోసారి చూస్తానన్నాను. మూడుసార్లు చూశాను.

అంకె చెప్పే ముందు ఆయన పుస్తకంలో రాసుకుని, మళ్ళీ కొలిచి, అప్పుడు నోరు తెరిచాడు. వీధి వైపు నలభై. వీధి నుంచి నా గోడ దాకా యాభై తొమ్మిది అడుగుల అర అంగుళం.

"ఈ అర అంగుళం ఎక్కడిది?" అంది టైలరమ్మ.

"చెక్క గోడ కదమ్మా, వానకి ఉబ్బింది, ఎండకి వంగింది. అర అంగుళానికి కోర్టుకి వెళ్ళొద్దు" అన్నాడు.

తర్వాత ప్లాను విప్పి సందు దగ్గర చుక్కల గీత చూపించాడు. ఆవిడ దాని మీద వేలు పెట్టి చూసింది.

"అంటే నేల నాదే. కానీ నేనేమీ కట్టకూడదు. ఇదేం సొంతమండీ?"

"ఆయన గోడ ఆయన సొంతమే. అది మీ నేల మీద ఉంది. అదేం సొంతం?" అన్నాడు గొడుగాయన.

ఆవిడ నా వైపు తిరిగింది. ఆయనా తిరిగాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. నా చెవులు కాలుతున్నాయి. సరే అనడం తేలిక. నువ్వు వద్దన్నావు కాబట్టి అనలేదు.

"గోడ నేనే విప్పుతాను. నేనే వెనక్కి కడతాను. అడుగు లోపలికి. ఆ ఇటుకలు నాకివ్వమ్మా, గోడ కింద పరుచుకుంటాను. సందు సంగతి మాత్రం కాగితం మీద రాయించు. నా తర్వాత ఎవరొచ్చినా వాళ్ళూ నడవాలి" అన్నాను.

"మాట్లాడటం వచ్చే మీకు!" అంది టైలరమ్మ.

కాగితం రాశారు. గీతా, చుక్కల గీతా రెండూ గీసి, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. నా సంతకం కొంచెం పక్కకి వాలింది. వెనక హద్దురాయి లేదు కాబట్టి కొత్తది పాతారు. అది నా షెడ్డు లోపల, నా పని బల్ల కాళ్ళ మధ్యకి వచ్చింది. దాని మీద కూడిక గుర్తు నన్నే చెక్కనిచ్చారు. డ్రమ్ము కింద చూసిన పనివాడంత నున్నగా రాలేదు గానీ, తొందరపడలేదు.

గోడ విప్పి వెనక్కి కట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఒక పలక వెనక పెన్సిలుతో రాసిన ఆయన అంకె కనపడింది. 60. మేకు కొట్టిన రోజు చేతికందిన పలక మీద రాశాడు. నా పెన్సిలే తీసుకుని రాశాడు, ఇవ్వడం మరిచిపోయి చెవి మీద పెట్టుకుని వెళ్ళాడు. ఆ పలక టైలరమ్మకి ఇచ్చాను. ఆవిడ దాన్ని చూసి, "మా నాన్న సున్నా ఎప్పుడూ ఇలాగే, కోడిగుడ్డులా" అంది. ఆయనకి చెప్పాల్సింది ఆయనకి చెప్పలేకపోయాను. ఆవిడకి చెప్పాను, అంతే దక్కింది.

గోడ జరిగాక ఆవిడ గది ఎనిమిదిన్నర అయింది. బల్లకి అటు కొస ఆవిడ, ఇటు కొస నేను పట్టుకున్నాం. లోపలికి వెళ్ళిపోయింది.

"ఈ అరడుగు ఖాళీ ఎందుకు, ఇంకో బల్ల వేస్తారా?" అన్నాను.

"నేను నిలబడొద్దా? మీలాగా గోడలోకి దూరి పని చెయ్యనా?" అంది.

ఇప్పుడు విను. మొన్న ఆవిడ నా టేపు అడిగి పట్టుకెళ్ళింది. సాయంత్రానికి తెచ్చి ఇచ్చింది. చూస్తే తెగిన చోట కొత్త ముక్క కుట్టి ఉంది. తన టైలరు టేపు మొదటి పన్నెండు అంగుళాలూ కత్తిరించి, నా ఒకటో అంకెకి అతికించి కుట్టింది. పసుపు ముక్క, దారం కూడా పసుపే. రెండు వరసలు మిషను కుట్టు.

"మరి నీ టేపో?" అన్నాను.

"ఇప్పుడు నాదానికి మొదటి అడుగు లేదు. తీసెయ్యడం మరిచిపోయానంటే ఇక ఊరందరికీ వదులు బట్టలే."

దానితోపాటు చిన్న సీసా ఇచ్చింది. గడియారం నూనె. అడుగున కొంచెం మిగిలింది. గేటు బందులకి రెండు చుక్కలు వేశాను. అరవడం మానేసింది. ఎవరికీ తెరిచి చూపించలేదు.

ఇక అసలు సంగతి. షెడ్డు ఒక అడుగు తగ్గింది కదా, నా పని బల్ల పట్టడం లేదు. ఇప్పుడు అది గుమ్మంలో సగం లోపల, సగం బయట ఉంది. ఒక కొస కొయ్యాలి. బల్ల పట్టాల్సిన చోటు ఆ కుట్టిన టేపుతో కొలిస్తే తొమ్మిది వచ్చింది. అలవాటు కొద్దీ ఒకటి తీసేసి ఎనిమిది అనుకున్నాను. మళ్ళీ ఆగాను. ఇప్పుడు తియ్యక్కర్లేదు కదా? తియ్యకూడదనే బుద్ధి చెబుతోంది. చెయ్యి మాత్రం వినడం లేదు. ఇన్నేళ్ళూ తీసిన చెయ్యి. తియ్యాల్సిన ఆ ఒక్క రోజూ తియ్యలేదు గాని.

టైలరమ్మని అడిగితే నవ్వుతుంది. నువ్వైతే నవ్వినా నాకు వినపడదు. గీత గీసి, రంపం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నీ మాట వచ్చేదాకా కొయ్యను. త్వరగా రాయి.

మామయ్య